తెప్ప వెయ్యని ఏడు

ఆ ఏడు వసంతంలో మేం చెరువు మీద తెప్ప వెయ్యలేదు. వెయ్యొద్దని అమ్మ అంది. అమ్మ ఒకసారి వద్దందంటే ఇక దానికి తిరుగు లేదు. మా నాన్న కాపురం చేసినన్నాళ్ళూ ఆవిడతో వాదించి, ఒక్క వాదనా నెగ్గకుండానే పోయాడు.

తెప్ప అంటే మనుషులెక్కేది కాదు. దుంగలు కట్టి, పైన గడ్డితో సహా మట్టిపెళ్ళలు పరిచి, లంగర్లు వేసి నీళ్ళ నడుమ నిలబెట్టేది. మునుగుపిట్టల కోసం. నల్లటి గొంతు, బూడిదరంగు తల, వీపు నిండా తెల్లటి గళ్ళు ఉండే ఆ పక్షికి దేవుడు కాళ్ళు తీసుకెళ్ళి తోక దగ్గర పెట్టాడు. నీళ్ళలో దాన్ని మించింది లేదు. నేల మీద మాత్రం నడవలేదు, రొమ్ముతో నేలని తోసుకుంటూ పాకాలి. అందుకని నీటి అంచునే, మెడ చాస్తే నీళ్ళు తగిలేంత దగ్గర్లో గుడ్లు పెడుతుంది. మామూలు చెరువైతే ఏ ఇబ్బందీ లేదు. మాది ఆనకట్ట కట్టిన చెరువు. కరెంటు కావాలంటే కంపెనీ వాళ్ళు నీళ్ళు దించుతారు, అక్కర్లేకపోతే నింపుతారు. నీళ్ళు పెరిగితే గూడు మునిగిపోతుంది. తగ్గితే పిట్టకి గూడు అందకుండా పోతుంది. తెప్ప అయితే నీటితో పాటు లేస్తుంది, నీటితో పాటు దిగుతుంది. ఏప్రిల్‌లో దాన్ని వెయ్యడం, పిట్టలు సముద్రానికి వెళ్ళిపోయాక శీతాకాలపు గాలివానలు రాకముందే ఒడ్డుకి లాగెయ్యడం మా తమ్ముడు రూరీ పని.

లాగడానికి వెళ్ళే పోయాడు. ఆ వసంతానికి ముందు అక్టోబరులో, ఒక శనివారం సాయంత్రం.

సోమవారం పెద్ద గాలివాన ఉందని రేడియోలో చెప్పారు. శనివారం మధ్యాహ్నం నుంచే గాలి కొండ మీంచి దిగి చెరువుని కలియబెడుతోంది. "రేపు కాస్త తెరిపిస్తుందిట. పొద్దున్నే వెళ్ళి లాగేస్తాను" అన్నాడు రూరీ, బార్లీ సూపు తాగుతూ. అమ్మ గరిటె కింద పెట్టకుండానే, "రేపు ఆదివారం" అంది. అంతే అంది. మా కొండల్లో ఆ రెండు మాటల తర్వాత ఇంకేమీ ఉండదు. ఆదివారం దేవుడి రోజు, పని ముట్టకూడదు. మా ఇంట్లో ఆరోజు బంగాళాదుంప తొక్క కూడా తియ్యరు, శనివారమే తీసి నీళ్ళలో వేసి పెట్టుకుంటారు. మా అద్దె పడవలన్నీ గొలుసులేసుకుని బోర్లా పడుకుంటాయి. చేపలు పట్టడానికి దూరాల నుంచి వచ్చినవాళ్ళు ఆ ఒక్కరోజూ మమ్మల్ని తిట్టుకుంటూ బసలో పేకాడుకుంటారు. రూరీ నవ్వి, "అయితే నాకూ చేపలకీ రేపు సెలవే" అని కోటు తగిలించుకుని అప్పుడే బయల్దేరాడు. పడవ ఆనకట్ట గోడ దగ్గర బోర్లా దొరికింది. తెప్ప తనంతట తనే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. రూరీ రాలేదు.

మర్నాడు ఆదివారం. చెరువు మీద ఒక్క ముడత లేదు, ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది.

పోలీసు గజ ఈతగాళ్ళు వచ్చారు, వెతికారు, పోయారు. మా నీళ్ళు కషాయం రంగు. చెయ్యి ముంచితే మణికట్టు దాటి కనబడదు. పైగా అడుగున, లోయని ముంచకముందు నరికేసిన అడవి తాలూకు మొద్దులు ఇంకా అలాగే ఉన్నాయి. వాటి మధ్య మనిషిని వెతకడం చీకటి గదిలో సూది వెతకడమే. పాస్టరు గారు వచ్చి స్మారక ప్రార్థన పెట్టుకుందామన్నారు. "మట్టి చెయ్యడానికి మనిషి లేకుండా ఏం ప్రార్థనండీ" అంది అమ్మ. నాన్న సమాధి పక్కన జాగా మాత్రం గడ్డి పెరగకుండా చూసుకుంటూ వచ్చింది.

ఆనకట్ట చూసుకునే ఇంజనీరు ఎవన్, రూరీతో కలిసి చదువుకున్నవాడు. వాడే చలికాలంలో ఒకరోజు వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని చెప్పాడు.

"అడుగు గేటు పాడైంది దోలీనమ్మా. మే నెలలో మరమ్మత్తు మొదలెడతాం. దానికోసం నీళ్ళు బాగా దించాలి. మొద్దులన్నీ బయటపడేంత. పోలీసులతో మాట్లాడాను, అప్పుడు మళ్ళీ వచ్చి వెతుకుతారు."

"దొరుకుతాడా?" అంది అమ్మ.

"ఉంటే దొరుకుతాడమ్మా."

"ఉండక ఎక్కడికి పోతాడు? వాడికి ఈ చెరువు తప్ప ఇంకో చోటు తెలుసా?"

ఆ మాట పట్టుకునే అమ్మ చలికాలం గడిపింది.

ఏప్రిల్ వచ్చింది. తెప్ప షెడ్డు వెనక పడి ఉంది. "ఇష్బెల్, దాన్ని తగలెట్టవే" అంది అమ్మ. తడి దుంగలు అంటుకోవన్నాను. ఎండాక తగలెట్టమంది. మా కొండల్లో ఏదైనా ఎండడం ఎప్పుడు చూసిందో మరి. ఈలోగా మా కోళ్ళు దాని మీద కాపురం పెట్టాయి. గడ్డి మెత్తగా ఉందేమో, ఎవరు తోలినా దిగలేదు.

మునుగుపిట్టలు వచ్చేశాయి. జంట. ఏటా తెప్ప ఉండే చోటికి వెళ్ళి, అక్కడే చుట్టూ చుట్టూ తిరిగేవి. ఎవరో తలుపు తీస్తారని చూసినట్టు, ఒకటి ఆగి, మెడ నిలబెట్టి చూసి, మళ్ళీ తిరిగేది. సాయంత్రం అవి పెట్టే అరుపు విన్నవాళ్ళు మర్చిపోలేరు. మనిషి ఏడుపుకి దగ్గరగా ఉంటుంది. అది మొదలవగానే అమ్మ లేచి వెళ్ళి కిటికీ వేసేది. "ఇంకా చూస్తావేమిటే వాటిని? వాటి మొహం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది" అనేది. నేను చూడ్డం లేదనేదాన్ని. చూస్తూనే ఉండేదాన్ని. రూరీ వాటికి పెట్టిన పేర్లు నాకు తెలుసు, వాడు లేకుండా ఆ పేర్లు పిలవబుద్ధి కాలేదు.

మే మొదట్లో గేటు ఎత్తారు. ఆనకట్ట కింద నీళ్ళు దూకే హోరు మా వంటింట్లోకి వినిపించేది, రాత్రీ పగలూ ఒకటే మోత. అమ్మకి ఆ మోతతో ప్రాణం లేచొచ్చింది. నెలల తరబడి పొయ్యి దగ్గర ముడుచుకు కూర్చున్న మనిషి, పొద్దున్నే బూట్లు తొడుక్కుని ఒడ్డుకి పోయేది. నీటి అంచున కర్ర పాతడం, మర్నాడు వెళ్ళి నీళ్ళు ఎంత వెనక్కి పోయాయో చూడ్డం, కర్ర పీకి కొత్త అంచున పాతడం. "జానెడు దిగింది" అనేది లోపలికి వస్తూ, పండగ కబురు చెప్పినట్టు. మళ్ళీ టీలోకి తినే స్కోను రొట్టెలు కాల్చడం మొదలెట్టింది. ఓట్స్ రొట్టెలు చేసి డబ్బాకెత్తింది, వెతకడానికి వచ్చేవాళ్ళకి పెట్టాలిగా అంది.

ఒకరోజు పడవలకి తారు పూసి ఇంటికి వచ్చేసరికి వంటింటి బల్ల మీద రూరీ నల్లసూటు పరిచి ఉంది. అమ్మ తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తోంది.

"భుజాల దగ్గర వాడికి బిగుతు. పెద్దమ్మ కూతురి పెళ్ళిలో చూశావుగా, చేతులు పైకెత్తలేకపోయాడు" అంది, నా వైపు చూడకుండా. "కుట్టు విప్పి కాస్త వదులు చేద్దామా?"

ఏడు నెలలు నీళ్ళలో ఉన్నవాడికి భుజాలు బిగుతేమిటని నేననలేదు. కుట్టు విప్పడానికి చిన్న కత్తెర తెచ్చిచ్చాను. ఇద్దరం కూర్చుని సూటు వదులు చేశాం. అమ్మ దాన్ని తలుపు వెనక కొక్కానికి తగిలించింది. వంటింట్లోకి ఎటు తిరిగినా అదే కనిపించేది.

ఆ నెల మూడో వారంలో నార్మన్ గారు దిగారు. ఇంగ్లండు నుంచి ఏటా మే నెలలో వస్తాడాయన. ఖరీదైన గాలాలు, పదహారు జేబుల కోటు. చేపలు మాత్రం ఆయన్ని చూసి నవ్వుకుంటాయని రూరీ అనేవాడు. శనివారం సాయంత్రం పడవ తిరిగి అప్పజెప్పడానికి వచ్చి, బురద కొట్టుకుపోయిన బూట్లు నాకు చూపించాడు.

"మీ చెరువు దగ్గరికి వెళ్ళడానికి ఇప్పుడు బస్సు వెయ్యాలి అమ్మాయ్. ఒడ్డు నుంచి నీళ్ళు చేరేసరికి నా చేపలు ముసలివైపోతున్నాయి."

"పట్టారా ఏమన్నా?"

"జలుబు పట్టింది." ముక్కు తుడుచుకున్నాడు. "అన్నట్టు, మీ పిట్ట ఒకటి పిచ్చిదైంది. నీళ్ళలో చిన్న దిబ్బ ఉందే, రౌవన్ చెట్టున్నది, దాని కింద బురదలో కూర్చుంది. నేను పక్కనుంచి పోయినా కదల్లేదు. దెబ్బ తగిలిందేమో పాపం."

దెబ్బ తగల్లేదని నాకు వెంటనే తెలిసింది. బైనాక్యులర్ పట్టుకుని పరిగెత్తాను.

గూడే. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు అంచున పెట్టుకుంది. తెప్ప కోసం వెతుక్కుని వెతుక్కుని, ఆలస్యంగా, ఇక గత్యంతరం లేక. ఎవన్ ఏప్రిల్‌లో చెరువంతా తిరిగి గూళ్ళు లేవని చూసుకున్నాకే గేటు ఎత్తారు. అప్పటికి నిజంగానే లేవు. ఇప్పుడు గూటికీ నీటికీ మధ్య నల్లటి బురద వాలు. నేను చూస్తుండగానే జంటలో రెండోది వంతు మార్చుకోవడానికి వచ్చింది. ఒడ్డుకి రొమ్ము ఆనించింది. ఒక తోపు తోసింది, ఆగింది. రెక్కలు బురదలో ఆనించి మళ్ళీ తోసింది. అంత అందమైన తెల్లటి రొమ్ము నల్లగా అయిపోయింది. సగం దూరం వచ్చి, ముక్కు నేలకి ఆనించి పడుకుంది. పైన రౌవన్ చెట్టు మీద బూడిదరంగు కాకి ఒకటి తీరిగ్గా కూర్చుని ఉంది. దానికి తొందరేం లేదు. నీళ్ళు ఇంకో రెండు రోజులు దిగితే చాలు, గుడ్లు దానివే.

గూడు ఉందని తెలిస్తే, పిల్లలు నీళ్ళలోకి దిగేదాకా కంపెనీ నీళ్ళని కదపకూడదు. అది చట్టం, మా చెరువు చుట్టుపక్కల చిన్న పిల్లాడినడిగినా చెబుతాడు. నార్మన్ గారికి తెలియదు. నాకు తెలుసు. గేటు మూస్తే మరమ్మత్తు ఆగిపోతుంది. ఈలోగా వానలొస్తే చెరువు నిండిపోతుంది. మొద్దులు బయటపడవు. పోలీసులు రారు. ఒడ్డున అలాగే కూర్చుండిపోయాను. నాకు రూరీ కావాలి. ఆ నల్లసూటు తొడిగి, మట్టి చేసి, ఆ జాగా మీద గడ్డి పెరగనిచ్చి, మా అమ్మ మళ్ళీ మామూలు మనిషి కావాలి. ఆ పిట్టలూ కావాలి. రెండూ కావాలంటే కుదరదని తెలిసి కూడా కూర్చునే ఉన్నాను.

ఇంటికి వెళ్ళి అమ్మకి చెప్పేశాను. దాచి పెట్టుకోవడం నా వల్ల కాలేదు.

అమ్మ ఆదివారానికి బంగాళాదుంపలు తొక్క తీస్తోంది. చెయ్యి ఆగలేదు.

"ఎవరితోనన్నా అన్నావా?"

"లేదు. నీతోనే."

"అనకు."

"అమ్మా..."

"వాటి మూలానే కదుటే పోయింది వాడు? ఇప్పుడు దొరుకుతాడనేసరికి మళ్ళీ అవే అడ్డం పడతాయా? ఏం పాపం చేశానని నేను వాటికి?"

"నువ్వు చెప్పొద్దంటే చెప్పను. కానీ సోమవారానికల్లా అవి గూటిదాకా పాకలేవు. చెప్పేదేదో ఇప్పుడే చెప్పాలి, లేకపోతే రేపు పొద్దున్నే."

"రేపు ఆదివారం" అంది అమ్మ.

అదే గొంతు. అదే రెండు మాటలు. అనేసి, తను ఏమందో తనే విన్నట్టు ఆగింది. కత్తి దుంప మీద అలాగే ఉండిపోయింది. నేను బయటికి వచ్చేశాను. తర్వాత లోపలికి వెళ్ళేసరికి దుంపలన్నీ తొక్క తీసి, నీళ్ళలో వేసి, మూత పెట్టి ఉన్నాయి. అమ్మ గది తలుపు వేసి ఉంది.

పొద్దున అమ్మ ఎప్పటిలాగే నల్లకోటు తొడుక్కుని, టోపీకి పిన్ను గుచ్చుకుని, చేతికి తొడుగులేసుకుని కారెక్కింది. చర్చికి వెళ్ళే దారి చెరువు పక్కనుంచే. రౌవన్ దిబ్బ ఎదురుగా వచ్చేసరికి, "ఆపు" అంది.

దిగింది. నేను బైనాక్యులర్ ఇచ్చాను. అమ్మకి దాన్ని పట్టుకోవడం రాదు, తిరగేసి పట్టుకుంది. సరిచేసి మెళ్ళో వేశాను. రాత్రికి రాత్రి నీళ్ళు ఇంకా వెనక్కి పోయాయి. గూటి మీద ఒకటి ఉంది. రెండోది బురదలో ఉంది. తోస్తోంది, పడుతోంది, తోస్తోంది. కాకులు ఇప్పుడు రెండయ్యాయి. చర్చి గంట వినిపించింది. అమ్మ కదల్లేదు. గంట ఆగిపోయింది. నా ఎరుకలో మా అమ్మ ఒక్కసారి కూడా ప్రార్థనకి ఆలస్యంగా వెళ్ళలేదు, రూరీని కన్న వారం తప్ప.

పిట్ట గూడు చేరేదాకా చూసింది. చేరాక బైనాక్యులర్ తీసి నా చేతిలో పెట్టింది.

"డ్యాం దగ్గరికి పోనీ" అంది.

ఆనకట్ట కొసన ఉన్న ఇంట్లో ఎవన్ డ్యూటీలో ఉన్నాడు. బనీనుతోనే కూర్చుని గుడ్డు తింటున్నవాడు, ఆదివారం ప్రార్థన వేళకి నల్లకోటూ టోపీతో గుమ్మంలో నిలబడ్డ మా అమ్మని చూసి, గుడ్డు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే లేచాడు. ఎవరో పోయారనుకున్నాడట పాపం.

"గేటు దించు నాయనా" అంది అమ్మ.

"ఏమైందమ్మా?"

"రౌవన్ దిబ్బ కింద గూడుంది. గుడ్లున్నాయి."

ఎవన్ నా వైపు చూశాడు. నేను అవునన్నట్టు తలూపాను. వాడు కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చున్నాడు.

"దోలీనమ్మా, దించితే ఇక... జూన్ ఆఖరుదాకా ఎత్తడానికి లేదు. ఆ పైన వానలు. ఈ ఏడు రూరీని వెతకడం..."

"నాకు తెలుసు."

"పోనీ కూర్చోండి. కాస్త ఆలోచించుకోండి. ఇవ్వాళ ఆదివారం కదా, పైవాళ్ళకి రేపు పొద్దున్న చెబుతాను. ఒక్క రోజులో ఏం..."

"ఆదివారమని నాకు చెప్పకు నాయనా" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "ఇప్పుడే దించు."

ఎవన్ చేతిలో గుడ్డు పళ్ళెంలో పెట్టి, చొక్కా తొడుక్కుని, ఎవరెవరికో ఫోన్లు చేశాడు. మేం ముగ్గురం ఆనకట్ట మీద నడిచి గేటు గదికి వెళ్ళాం. వాడు లోపల ఏవో తిప్పాడు. కాసేపటికి కింద హోరు సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగిపోయింది. మూడు వారాలుగా ఆ మోతలో బతికామేమో, చెవులు మూసుకుపోయినట్టయింది. అమ్మ గోడ మీద రెండు చేతులూ ఆనించి చెరువు వైపు నిలబడింది. దూరంగా, ఇంకో మూడు వారాలుంటే బయటపడాల్సిన మొద్దుల మీద నీళ్ళు నల్లగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. ఎవన్ ఏడుస్తున్నాడు. అమ్మ వాడి వీపు మీద రెండుసార్లు తట్టి, "గుడ్డు చల్లారిపోయుంటుంది, వెళ్ళి తిను" అంది.

చర్చికి వెళ్ళకుండా అటునుంచటే ఇంటికి వచ్చేశాం. మధ్యాహ్నం ఉడకబెట్టిన దుంపలు తిన్నాం.

ఆదివారం ప్రార్థన మానిన సంగతి మా ఊళ్ళో సోమవారం దాటదు. చర్చి పెద్దల్లో ఒకాయన, మర్డో తాత, మంగళవారం వచ్చాడు. గొర్రెల మనిషి, మెత్తనివాడు. తిట్టడానికి కాదు, అమ్మ మనసులో ఏమన్నా పెట్టుకుందేమో, ఓదార్చి పోదామని. టీలోకి స్కోను ముంచుకుంటూ అన్నాడు.

"నువ్వేం బెంగ పెట్టుకోకు దోలీనా. ప్రభువే అన్నాడు కదా, గొర్రె గుంటలో పడిందనుకో, ఆదివారమని వదిలేస్తామా? పైకి తియ్యమూ? ప్రాణం మీదికొచ్చినప్పుడు రోజు చూడక్కర్లేదు. అందులో తప్పేం లేదు."

అమ్మ ఆయన కప్పులోకి టీ వంచుతోంది.

"ఈ మాట నాకు అక్టోబరులో గుర్తు రాలేదు మర్డో" అంది.

ఆయన స్కోను పళ్ళెంలో పెట్టేశాడు. తర్వాత టోపీ తీసుకుని, మా ఇద్దరికీ దణ్ణం లాంటిదేదో పెట్టి వెళ్ళిపోయాడు. నేను గిన్నెలు కడగడానికి లేచాను. రూరీ పోయినప్పటి నుంచి అమ్మ నన్ను గానీ దేవుణ్ణి గానీ ఎందుకిలా అయిందని ఒక్క ప్రశ్న అడగలేదు. పిట్టల్నే తిట్టుకుంటూ వచ్చింది. ఎందుకో నాకు ఆరోజు తెలిసింది. వెళ్ళి వెనకనుంచి పట్టుకున్నాను. "వదలవే, టీ ఒలుకుతుంది" అంది గానీ, విడిపించుకోలేదు.

జూన్‌లో ఒక గుడ్డు పిల్లయింది. ఇంకోటి చల్లబడిపోయింది. పిల్ల గోధుమరంగు దూదిఉండలా ఉండేది, తల్లి వీపెక్కి ఊరేగేది. అమ్మ చూడ్డానికి ఒక్కసారీ రాలేదు. కానీ నేను చెరువు నుంచి రాగానే, పని చేసుకుంటూనే, "తింటోందా అది?" అని అడిగేది. తింటోందనేదాన్ని. "ఊఁ" అనేది.

వానలు మా కొండల్లో ఎప్పుడూ బాకీ ఉండవు. ఆ ఏడు ముందే దిగాయి. జులై నెలంతా ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. అమ్మ పాతిన ఆఖరి కర్ర మునిగిపోయింది. చెరువు నిండింది. నిండగానే సెలవల జనం వచ్చారు. రంగురంగుల చిన్న పడవలు, కేరింతలు, ఒడ్డున సాసేజీలు కాలుస్తున్న పొగ. ఒకతను నన్ను, "ఇక్కడ ఈత కొట్టొచ్చా, లోతెంత?" అని అడిగాడు. చెప్పాను. అడిగినవాళ్ళందరికీ చెప్పాను. లైఫ్ జాకెట్లు బిగించి, బకిల్ రెండుసార్లు లాగి చూసి, అందరినీ నీళ్ళ మీదికి పంపాను. పడవల మీదే కదా మా బతుకు.

ఆగస్టులో ఎవన్ వచ్చాడు. ఈసారి కూర్చోమన్నా కూర్చోలేదు.

"కంపెనీవాళ్ళు నీళ్ళు దించకుండానే గేటు బాగుచేయించేశారమ్మా. నీళ్ళలో దిగి పనిచేసేవాళ్ళని తెప్పించి. పోయిన వారమే అయిపోయింది."

"మంచిదే కదా" అంది అమ్మ.

"అంటే ఇక... దించాల్సిన అవసరం వాళ్ళకి లేదు. మన కాలంలో ఉండదేమో. వచ్చే ఏడు అడుగుదామనుకున్నాను మీకోసం. ఏమని అడగను?"

"నువ్వు చెయ్యగలిగింది చేశావు నాయనా. టీ తాగి వెళ్ళు."

తాగాడు. వాడు వెళ్ళాక అమ్మ తలుపు వెనక సూటు తీసింది. బల్ల మీద పరిచి, చేతులు లోపలికి మడిచి, పెట్టెలో పెట్టి కలరా ఉండలు వేసింది. మర్నాడు పాస్టరు గారికి కబురు చేసి, నాన్న సమాధి రాతి మీద రూరీ పేరు చెక్కించమంది. ఆ జాగాలో గడ్డి విత్తనాలు నన్నే చల్లమంది.

ఆగస్టు ఆఖర్లో ఒక సాయంత్రం, పడవలన్నీ ఒడ్డుకి చేరాక, గొలుసులు వేస్తున్నాను. అమ్మ వచ్చి పక్కన నిలబడింది. నల్లకోటు, తొడుగులు, టోపీ. బుధవారం నాడు ఈ వేషమేమిటా అనుకున్నాను.

"నన్ను ఒకసారి తీసుకెళ్ళు" అంది.

"ఎక్కడికి?"

"నీళ్ళ మీదికి."

మా అమ్మ పడవల ఇంట కోడలిగా వచ్చింది, పడవల మీద పిల్లల్ని పెంచింది. పడవ మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. కళ్ళు తిరుగుతాయనేది. నేనే చెయ్యి పట్టి ఎక్కించాను. లైఫ్ జాకెట్ కోటు మీద పట్టక, కోటు విప్పించి, జాకెట్ తొడిగి, పైన కోటు కప్పాను. వెనక బల్ల మీద రెండు చేతులతో అంచులు పట్టుకుని, నిటారుగా, చర్చిలో కూర్చున్నట్టే కూర్చుంది. నేను తెడ్లు వేశాను.

కాసేపు పోయాక, "ఎక్కడాపనమ్మా?" అన్నాను.

"ఎక్కడని చెబుతాం?" అంది. "అంతా తిప్పు."

తిప్పాను. ఉత్తరపు ఒడ్డు వెంబడి పోయి, రౌవన్ దిబ్బ చుట్టూ తిరిగి, ఆనకట్ట గోడ దాకా వెళ్ళి, మళ్ళీ నడిమికి. అమ్మ మాట్లాడటం మొదలెట్టింది. నాతో కాదు. మర్డో తాత మోకాలి నొప్పి గురించి చెప్పింది. పెద్దమ్మ కూతురికి ఆడపిల్ల పుట్టిందని చెప్పింది. కోళ్ళు నీ తెప్పని పాడుచేశాయిరా, మీ అక్కకి ఒక్కదానికి కట్టడం రాదు, ఎవన్‌ని సాయం పిలుస్తామని చెప్పింది. వాడు బల్లకి అటు పక్కన కూర్చుని సూపు తాగుతున్నట్టే, మధ్య మధ్యలో ఆగుతూ, జవాబుకి చోటిస్తూ చెప్పింది. నేను ఆనకట్ట వైపు చూస్తూ తెడ్లు వేశాను. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

చెప్పాల్సినవన్నీ అయిపోయాయి. అమ్మ నీళ్ళకేసి చూసింది.

"బాగా చల్లగా ఉంటాయిటే ఈ నీళ్ళు?"

ఒక తెడ్డు వదిలి చెయ్యి ముంచాను. ఆగస్టే గానీ, వేళ్ళు కొయ్యబారిపోయాయి.

"అంత చలేం లేదమ్మా" అన్నాను.

అమ్మ కుడిచేతి తొడుగు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. పక్కకి వంగి, చెయ్యి నీళ్ళలో పెట్టింది. మణికట్టు దాకా, ఇంకా కిందికి, గౌను చెయ్యి మోచేతి దాకా తడిసేంత లోతుకి. నా అబద్ధం తెలిసిపోయింది. నా వైపు చూసింది. చెయ్యి పైకి తియ్యలేదు.

"పోనీ" అంది.

నేను మెల్లగా తెడ్లు వేశాను. ఒడ్డు చేరేదాకా ఆ చెయ్యి నీళ్ళలోనే ఉంది.